చిన్న తెరచాప బోటులో పాత డీజిల్ ఇంజిన్: బాగుచేయించాలా, మార్చాలా, మారిస్తే ఏది పెట్టాలి?

మా బోటు పొడవు 26 అడుగులు, బరువు సుమారు మూడు టన్నులు. ముగ్గురు స్నేహితులం కలిసి కొన్నాం. అందులో 1980ల నాటి రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ ఉండేది. రెండేళ్ల కిందట మార్చిలో ఒక సాయంత్రం, విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ కిందుగా హార్బర్‌లోకి వస్తుండగా అది తెల్లపొగ కక్కి ఆగిపోయింది. అప్పటికే గాలి పడిపోయింది. తెరచాపలు ఆరేసిన గుడ్డల్లా వేలాడుతున్నాయి. ఆ నెలల్లో మన తీరం వెంట ప్రవాహం ఉత్తరానికి పోతుంది, మమ్మల్నీ అటే మెల్లగా లాగుతోంది. వెనక చూస్తే ఒక పెద్ద ఓడ ఛానెల్ వైపు తిరుగుతోంది. అటుగా వస్తున్న ఫైబర్ బోటు వాళ్లు తాడు విసిరి లాక్కొచ్చారు కాబట్టి సరిపోయింది. మొత్తం పావుగంట. ఇంజిన్ అనేది ఆ పావుగంట కోసం అని నాకు అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత నాలుగు నెలలు రకరకాల దారులు వెతికాం. విశాఖలో సొంత తెరచాప బోటు ఉన్నవాళ్లు చాలా తక్కువ, అడిగి తెలుసుకుందామంటే మనుషులు దొరకరు. అందుకే మేం చూసినవన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఏ ఇంజిన్‌నైనా నేను రెండే ప్రశ్నలతో చూస్తాను. గాలి లేనప్పుడు, ప్రవాహం ఎదురైనప్పుడు అది మనల్ని హార్బర్‌లోకి తీసుకొస్తుందా? అది చెడిపోతే విశాఖలో ఎవరు బాగుచేస్తారు, సామాను ఎన్నాళ్లకు వస్తుంది? కంపెనీ బ్రోచర్లలో కనిపించే మిగతా విషయాలు వీటి తర్వాతే.

పాతది నిజంగా పోయిందా?

ఇంజిన్ ఆగిందంటే పోయిందని కాదు. చాలాసార్లు తప్పు డీజిల్‌ది. మన తీరపు తేమకు సగం ఖాళీగా ఉన్న ట్యాంకు లోపల నీళ్లు పడతాయి. ఆ నీళ్లకూ డీజిల్‌కూ మధ్య నాచులాంటి జిగురు పెరుగుతుంది. అది ఫిల్టర్‌కు అడ్డం పడగానే ఇంజిన్ ఊపిరాడనట్టు కొట్టుకుని ఆగిపోతుంది. ట్యాంకు అడుగు నుంచి ఒక సీసాలోకి డీజిల్ పట్టి గంటసేపు ఎండలో పెట్టండి. అడుగున నీళ్లు తేరుకుంటే ముందు ట్యాంకు కడిగించండి, ఇంజిన్ సంగతి తర్వాత చూడొచ్చు.

పొగను కూడా చూడాలి. నల్లపొగ అయితే లోడు ఎక్కువైందనో, గాలి చాలడం లేదనో. నీలిపొగ అయితే ఆయిల్ మండుతోందని, అంటే రింగులు లేదా వాల్వ్ గైడ్లు అరిగాయని. తెల్లపొగ అయితే డీజిల్ సరిగ్గా మండకుండా బయటికొస్తోంది, లేదా సిలిండర్‌లోకి నీళ్లు చేరుతున్నాయి. మూడింటిలో నేను భయపడేది తెల్లపొగకే.

ఎగ్జాస్ట్ ఎల్బో, అంటే పొగగొట్టం వంపు, విప్పించడం మరిచిపోవద్దు. వేడి పొగలో సముద్రపు నీళ్లు కలిసే చోటు అదే కాబట్టి ఉప్పూ మసీ కలిసి అక్కడే గడ్డకడతాయి. మాది విప్పితే లోపల పెన్సిలు పట్టేంత సందు కూడా లేదు. అది చూసి మేం సంతోషించాం, ఎల్బో మార్చుకుంటే సరిపోతుందని. తర్వాత సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటుందో చూసే కంప్రెషన్ గేజి పెట్టారు. 30 బార్ దరిదాపు ఉండాల్సింది, ఒక సిలిండర్‌లో 26 వచ్చింది, రెండో దానిలో 17.

ఇంజిన్‌ను గాజువాక ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు పట్టుకెళ్లాం. అక్కడి మేస్త్రీ ట్రాక్టర్లు, జనరేటర్లు, బోట్లు అన్నీ విప్పినవాడు. హెడ్డు ఎత్తి, సిలిండర్ చుట్టూ నీళ్లు తిరిగే దారిలోకి (వాటర్ జాకెట్) టార్చి కొట్టి చూశాడు. సన్నటి స్క్రూడ్రైవర్ తీసుకుని గోడ మీద పొడిచాడు. పెద్దగా బలం పెట్టలేదు. తుప్పు పెళ్లలు పెళ్లలుగా రాలి, మొన లోపలికి దిగిపోయింది. "బోరుకొస్తే బోరింగు సేసీవచ్చు బాబూ. ఇది బోరుకు రాలేదు, బ్లాకే ఉప్పు తినీసింది. ఏటి సేస్తాం?" అన్నాడు.

తేడా అంతా ఆ ఒక్క మాటలో ఉంది. బోరు, అంటే సిలిండర్ లోపలి గోడ, అరిగితే బోరింగు చేయించి, పెద్ద సైజు పిస్టన్లు, రింగులు, బేరింగులు వేయించుకోవచ్చు. నాజిళ్లు, డీజిల్ పంపు టెస్టు చేయించుకోవచ్చు. ఇంజిన్ మళ్లీ పదేళ్లు నడుస్తుంది. ఇంజిన్ కూర్చునే సీట్లు మారవు, ప్రొపెల్లర్‌ను తిప్పే షాఫ్టు మారదు, ప్రొపెల్లర్ మారదు. ఖర్చు కొత్తదాంట్లో చిన్న భాగమే. కానీ పాత ఇంజిన్లలో చాలావాటికి సముద్రపు నీళ్లే నేరుగా బ్లాకులో, అంటే సిలిండర్లు ఉండే ఇనుప దిమ్మలో, తిరుగుతాయి. అలాంటి బ్లాకు ఒకసారి పలచబడిందంటే ఎన్ని కొత్త పిస్టన్లు వేసినా డబ్బు సముద్రంలో పోసినట్టే. హెడ్డు ఎత్తకుండా, వాటర్ జాకెట్ చూడకుండా రీకండిషన్‌కు ఒప్పుకోవద్దు.

బ్లాకు గట్టిగా ఉండి, సామాను దొరికే మోడల్ అయితే నా సలహా సూటిగా ఇదే: బాగుచేయించుకోండి. కొత్తది కొనాలనే ఉబలాటం ఎవరికైనా ఉంటుంది, నాకూ ఉండింది. కానీ గట్టి బ్లాకును తుక్కుకు వేయడం తప్పు.

ఎంత పవర్ కావాలి?

తెరచాప బోటు ఒక వేగం దాటి పోదు. నీటిలో ఉండే పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ వేగం నాట్లలో (గంటకు ఇన్ని నాటికల్ మైళ్లని) వస్తుంది. మాది నీటిలో 21 అడుగులు, అంటే దాదాపు 6.1 నాట్లు. 30 హార్స్‌పవర్ పెట్టినా అంతకు మించి పోదు, వెనక అల లేస్తుంది, డీజిల్ తాగుతుంది, అంతే. టన్నుకు 4 హార్స్‌పవర్ అనేది చాలామంది పాటించే లెక్క. మూడు టన్నులకు 12. ఎదురుగాలి, ఎదురు ప్రవాహం, అడుగున పట్టే గుల్లలు కలుపుకుంటే 14 వరకు పోవచ్చు. గుల్లలను తేలిగ్గా తీసుకోవద్దు. మన గోరువెచ్చటి నీళ్లలో రెండు నెలలు కదలకుండా ఉంటే ప్రొపెల్లర్ రేకు కనబడదు.

చాలామంది పెద్దది పెడితే మంచిదే కదా అంటారు. డీజిల్‌కు అది మంచిది కాదు. ఎప్పుడూ తక్కువ లోడు మీద నడిచే డీజిల్‌లో మసి పేరుకుని, సిలిండర్ గోడలు నునుపెక్కి, ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది.

కొత్త చిన్న డీజిల్

బ్లాకు పోయినవాళ్లకు, భీమిలి దాటి పోవాలనుకునేవాళ్లకు ఇదే మొదటి ఎంపిక. ఈ సైజులో యాన్మార్, వోల్వో పెంటా, బీటా మెరైన్ పేర్లు వినిపిస్తాయి. ఉదాహరణకు యాన్మార్ 2వైఎం15 రెండు సిలిండర్లది, 13.6 హార్స్‌పవర్, గేర్‌బాక్సుతో కలిపి దాదాపు 113 కిలోలు. ఇలాంటి కొత్త ఇంజిన్లలో బ్లాకులో కూలెంట్ తిరుగుతుంది, సముద్రపు నీళ్లు ఆ కూలెంట్‌ను చల్లబరిచే హీట్ ఎక్స్ఛేంజర్ వరకే వస్తాయి. మా పాత ఇంజిన్‌ను చంపిన జబ్బు వీటికి రాదు. ఇంకో లాభం కూడా ఉంది. ఉప్పు గడ్డకట్టకుండా పాతవాటిని 50 డిగ్రీల దరిదాపులో చల్లగా నడపాల్సి వచ్చేది. ఇవి 80 డిగ్రీల చుట్టూ నడుస్తాయి కాబట్టి డీజిల్ శుభ్రంగా మండుతుంది.

బీటా ఇంజిన్ల బ్లాకు కుబోటాది. చిన్న జనరేటర్లలో వాడే కుటుంబమే. పిస్టన్ రింగులు, గ్యాస్కెట్లు, ఫిల్టర్లు కుబోటా మోడల్ నంబరుతో అడగొచ్చు, బోటు ఇంజిన్ అని చెప్పాల్సిన అవసరమే రాదు. విశాఖ లాంటి చోట దీనికి చాలా విలువ ఉంది. మన ఫిషింగ్ హార్బర్ మెకానిక్కులకు ట్రాలర్లలో ఉండే అశోక్ లేలాండ్ లాంటి పెద్ద ఇంజిన్లు కళ్లు మూసుకుని విప్పడం వచ్చు. 14 హార్స్‌పవర్ ఇంజిన్ వాళ్లు ఎప్పుడోగానీ చూడరు. పని రాక కాదు, సామాను లేక ఆగిపోతారు. ఏ బ్రాండు కొన్నా ఇంపెల్లర్లు (నీళ్ల పంపులో తిరిగే రబ్బరు చక్రాలు) నాలుగు, బెల్టులు రెండు, థర్మోస్టాట్, ఫిల్టర్లు, హెడ్ గ్యాస్కెట్ సెట్ ఇంజిన్‌తో పాటే తెప్పించుకోండి. ఒక్క ఇంపెల్లర్ కోసం మూడు వారాలు బోటు కట్టేసుకోవడం కంటే బాధ ఇంకోటి లేదు.

డబ్బు విషయంలో ఒక హెచ్చరిక. ఇంజిన్ ధర అంటే ఖర్చు మొత్తం కాదు. సుంకం, జీఎస్టీ, రవాణా దాని మీద పడతాయి. తర్వాత బోటులో పని ఉంటుంది. మాకు మొత్తం ఖర్చులో మూడోవంతు ఆ పనికే అయింది. పాత ఇంజిన్ కాళ్లు ఉన్న చోట కొత్తదాని కాళ్లు పడవు కాబట్టి సీట్లు మార్చాలి. పాత ఇంజిన్ నెమ్మదిగా తిరిగేది, కొత్తది నిమిషానికి 3,600 చుట్ల వరకు తిరుగుతుంది, గేర్ నిష్పత్తి వేరు. పాత ప్రొపెల్లర్ దీనికి చాలావరకు సరిపోదు. ఫుల్ రేజ్ ఇచ్చినప్పుడు ఇంజిన్ కంపెనీ చెప్పిన చుట్లు అందుకోవాలి. అందుకోకపోతే ప్రొపెల్లర్ పెద్దదైందని అర్థం. షాఫ్టు ఎటు తిరుగుతుందో కూడా ముందే చూసుకోండి, కొన్ని ఎడమకు తిరుగుతాయి. ఎగ్జాస్ట్ గొట్టం సైజు, ఇంజిన్ ఆగాక సముద్రపు నీళ్లు వెనక్కి పీల్చుకోకుండా పెట్టే సైఫన్ వాల్వ్, డీజిల్ రిటర్న్ లైను, వైరింగు అన్నీ కొత్తవే.

వీటన్నిటిలో నేను దగ్గరుండి చూడమనేది అలైన్‌మెంట్, అంటే ఇంజిన్, షాఫ్టు ఒకే గీతలో ఉండటం. ఇంజిన్ కప్లింగునూ షాఫ్టు కప్లింగునూ దగ్గరికి తెచ్చి, మధ్య సందులో ఫీలర్ గేజి రేకు పెట్టి పైన, కింద, ఎడమ, కుడి నాలుగు చోట్లా కొలుస్తారు. నాలుగు అంగుళాల కప్లింగుకు ఆ తేడా 0.1 మిల్లీమీటరు దాటకూడదు. మా ఇంజిన్‌ను ఒడ్డు మీద చక్కగా సరిచేశారు. బోటు నీళ్లలోకి దించిన మర్నాడు మళ్లీ కొలిస్తే కింది వైపు 0.3 వచ్చింది. బోటు ఒడ్డున ఆసరా చట్రాల మీద ఉన్నప్పుడు ఒక ఆకారంలో ఉంటుంది, నీళ్లలో తేలేటప్పుడు ఇంకో ఆకారంలో ఉంటుంది. మెకానిక్ బోల్టు పావుచుట్టు తిప్పి, రేకు పెట్టి, తల ఊపి, మళ్లీ పావుచుట్టు తిప్పి, అలా రెండున్నర గంటలు కూర్చున్నాడు. ఒడ్డు మీదే అయిపోయిందని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆ రెండున్నర గంటలు మానేస్తే ఏడాదిలో షాఫ్టు బేరింగు, గేర్‌బాక్సు సీలు పోతాయి.

లైఫ్‌బోటు ఇంజిన్, లోకల్ ఇంజిన్

గుజరాత్‌లోని అలంగ్‌లో విడగొట్టే ఓడల లైఫ్‌బోట్ల ఇంజిన్లు దేశమంతా అమ్ముడుపోతాయి. నడిచిన గంటలు చాలా తక్కువ, ధర కొత్తదాంతో పోలిస్తే బాగా తక్కువ. మంచి డీజిళ్లే. కానీ లైఫ్‌బోటు ఇంజిన్‌ను నిబంధన ప్రకారం వారానికోసారి కనీసం మూడు నిమిషాలు నడిపి ఆపేస్తారు, ఏళ్ల తరబడి అంతే. వేడెక్కకుండానే ఆగిపోయే ఇంజిన్ లోపల మసీ తడీ పట్టి ఉంటాయి. పైగా బరువు ఎక్కువ. 24 హార్స్‌పవర్‌వి 200 కిలోలు దాటుతాయి. 26 అడుగుల బోటుకు వెనక భాగం కుంగుతుంది. 32 అడుగులు, ఆపైన ఉన్నవాళ్లు, హెడ్డు ఎత్తి చూసే ఓపిక ఉంటే, తప్పకుండా పరిశీలించండి.

జనరేటర్‌లో పెట్టే లోకల్ డీజిల్‌ను తెచ్చి బోటుకు బిగించడం ఇంకో దారి. సామాను మన ఊళ్లోనే దొరుకుతుంది, అది పెద్ద లాభం. కానీ దానికి నీళ్లతో చల్లబడే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, హీట్ ఎక్స్ఛేంజర్, సముద్రపు నీళ్ల పంపు, ప్రొపెల్లర్ తోపును ఆపే థ్రస్ట్ బేరింగు ఉన్న మెరైన్ గేర్‌బాక్సు అన్నీ చేర్చాలి. అవన్నీ కలిపితే మిగిలేది అంతగా ఏమీ ఉండదు. గాలితో చల్లబడే సింగిల్ సిలిండర్ డీజిల్ ఫైబర్ తెప్ప మీద ఆరుబయట బాగానే నడుస్తుంది. అదే ఇంజిన్‌ను మన బోటు పెట్టెలో మూసిపెడితే మే నెల ఎండలో దానికి గాలి ఆడదు. తెరచాప బోటుకు నేను దీన్ని వద్దంటాను.

ఔట్‌బోర్డ్

రెండు టన్నుల లోపు బోటుకు, రుషికొండ ముందు సరదాగా తిరిగి సాయంత్రానికి ఇంటికొచ్చేవాళ్లకు, బోటు వెనక బయట తగిలించే ఈ ఇంజిన్ చాలా తెలివైన ఎంపిక. లోపలి ఇంజిన్ తీసేస్తే బోటులో చోటు వస్తుంది, షాఫ్టు రంధ్రం మూసేస్తే నీళ్లు కారే బాధ పోతుంది. చెడిపోతే భుజాన వేసుకుని మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్లొచ్చు. మన తీరంలో యమహా, సుజుకి ఔట్‌బోర్డ్‌లు తెలిసిన చేతులు దొరుకుతాయి. కొంటే పొడవు షాఫ్టుదే కొనండి, 20 అంగుళాలు కాదు, 25 అంగుళాలది.

చిక్కు అలల దగ్గర వస్తుంది. నైరుతి రుతుపవనాల్లో బోటు ముక్కు దిగినప్పుడల్లా వెనక భాగం లేస్తుంది, ప్రొపెల్లర్ గాల్లో గిర్రున తిరుగుతుంది, తోపు పోతుంది. సరిగ్గా మనకు ఇంజిన్ కావాల్సింది అప్పుడే. మూడు టన్నుల బోటును 9.9 హార్స్‌పవర్ పెట్రోల్ ఔట్‌బోర్డ్‌తో గట్టిగా నడిపితే గంటకు దాదాపు మూడు లీటర్లు తాగుతుంది. అదే వేగానికి డీజిల్ లీటరున్నరతో సరిపెడుతుంది.

పెట్రోల్ గురించి ఇంకో మాట. 2023 నవంబరు 19 రాత్రి మన ఫిషింగ్ హార్బర్‌లో మంటలు లేచి ముప్పైకి పైగా బోట్లు కాలిపోయాయి. ఒక బోటు నుంచి ఇంకో బోటుకు మంట ఎంత త్వరగా పాకుతుందో ఊరంతా చూసింది. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, కారితే బోటు అడుగుకు చేరి అక్కడే ఉంటుంది. పెట్రోల్ క్యాన్‌ను క్యాబిన్ లోపల పెట్టకండి. ట్యాంకు ఉన్న పెట్టెకు అడుగున బయటికి రంధ్రం ఉండాలి.

ఎలక్ట్రిక్

దీని మీద నాకు నిజంగా ఆశ ఉంది. చప్పుడు లేదు, కంపు లేదు, ఆయిల్ మార్చక్కర్లేదు. బీచ్ రోడ్డులో ఉన్న కుర్సురా సబ్‌మెరీన్ లోపలికి వెళ్లినప్పుడల్లా నేను బ్యాటరీల సంగతే ఆలోచిస్తాను. నీటి కింద అది బ్యాటరీల మీదే నడిచేది. కానీ ఆ బ్యాటరీలు నింపడానికి దానిలో మూడు డీజిల్ ఇంజిన్లు ఉన్నాయి. మన చిన్న బోటులోనూ సమస్య అదే.

లెక్క వేసుకుందాం. 48 వోల్టుల, 200 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ దాదాపు 10 యూనిట్లు దాచుకుంటుంది. అందులో 8 వాడుకుందాం. మూడు టన్నుల బోటును 4 నాట్లతో నడపడానికి సుమారు 2 కిలోవాట్లు పడుతుంది. నాలుగు గంటలు, 16 నాటికల్ మైళ్లు. వేగం 5 నాట్లకు పెంచితే 4 కిలోవాట్లు, అంటే రెండు గంటలు, 10 మైళ్లు. హార్బర్ నుంచి భీమిలికి సముద్రం మీద పాతిక కిలోమీటర్ల దరిదాపు, 13 మైళ్లు అనుకోండి. నిదానంగా పోతే చేరతాం, తిరిగి రావాలంటే గాలి ఉండాలి. డీజిల్ అయితే 40 లీటర్ల ట్యాంకుతో 5 నాట్ల మీద పాతిక గంటలు పోవచ్చు.

కాబట్టి ఎలక్ట్రిక్ ఎవరికి? జెట్టీలో కరెంటు ప్లగ్గు ఉండి, ఊరి ముందే తిరిగి, ఎక్కువగా గాలి మీదే నడిపేవాళ్లకు. వాళ్లు ఇప్పుడే పెట్టుకోవచ్చు. మాకు కట్టేచోట కరెంటు లేదు. ఎదురు ప్రవాహం రెండు నాట్లు ఉన్న రోజున 4 నాట్లతో నడిస్తే నేల మీద కదిలేది రెండే. ఆ రోజు బ్యాటరీ ముల్లు పడిపోతుంటే పడే టెన్షన్ నాకు వద్దనిపించింది. ఒకవేళ పెడితే బ్యాటరీలు ఇంజిన్ ఉన్న చోటే మూసిపెట్టకండి. గాలి ఆడాలి, ఉప్పు తడి తగలకూడదు, ప్రతి కనెక్షన్‌కూ తుప్పు పట్టకుండా గ్రీజు రాయాలి.

మేం ఏం చేశాం, ఎప్పుడు చేయాలి

మేం కూలెంట్‌తో చల్లబడే కొత్త రెండు సిలిండర్ల డీజిల్ పెట్టించాం. పాతదాని నుంచి స్టార్టర్ మోటార్, నాజిళ్లు తీసి, మిగతాది ఆ మేస్త్రీకే ఇచ్చేశాం.

నెల ఎంచుకోవడంలో పొరపాటు చేయకండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపల వేట నిషేధం. ఆ రెండు నెలలూ ట్రాలర్లన్నీ ఒడ్డెక్కుతాయి. బోట్లను ఒడ్డెక్కించే స్లిప్‌వే ఖాళీ ఉండదు, మెకానిక్ మన ఫోను ఎత్తడు, లేత్ షాపులో షాఫ్టు పని వారం వెనక్కి పోతుంది. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం. ఇంజిన్ లేని బోటును ఆ నెలల్లో నీళ్లలో ఉంచడం ఎవరూ చేయకూడదు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అందుకని ఇంజిన్ డిసెంబరులో ఆర్డరిచ్చి, ఫిబ్రవరిలో బోటు ఎత్తి, మార్చి నెలాఖరుకు నీళ్లలోకి దించండి. మంచి సెయిలింగ్ నెలలు పోతాయి, పోనివ్వండి. తర్వాత మొదటి 50 గంటలు నడిచాక ఆయిల్, ఫిల్టర్ మార్పించి, అదే రోజు ఫీలర్ గేజితో అలైన్‌మెంట్ మరోసారి కొలిపించండి. ఇంజిన్ కింద ఉండే కొత్త రబ్బరు మౌంట్లు అప్పటికి కొంచెం కుంగి ఉంటాయి. మావి కుంగాయి, పావుచుట్టు తిప్పాల్సి వచ్చింది.